విక్టోరియన్ పత్రికల్లో కథోలిక పూజలు, ఊరేగింపులు: ఈ బొమ్మలో జరుగుతున్నదేంటి?

లీడ్స్‌లో_లక్ష్మి:
అందరికీ నమస్తే. ఇంతకాలం చదివి వెళ్లిపోయేదాన్ని, రాయడం ఇదే మొదలు. మా ఊరి పాతసామాన్ల సంతలో అద్దాల ఫ్రేములో ఉన్న చెక్కడపు బొమ్మ ఒకటి కొన్నాను. పాత ఇంగ్లీషు వారపత్రికలో పేజీ అని చూస్తూనే తెలుస్తోంది. ఫ్రేము కట్టినవాడు కింది శీర్షికను అట్టతో కప్పేశాడో, కత్తిరించేశాడో గానీ ఒక్క అక్షరం కనపడదు.

ఇరుకు వీధి. నాలుగు కర్రల మీద పట్టుగుడ్డ పందిరి, దాని కింద నడుస్తున్న గురువు (ఫాదర్). భుజాల మీదుగా వేసుకున్న పొడవాటి వస్త్రం చివర్లతో చేతులు కప్పుకుని, ఆ చేతుల్లో ఏదో పట్టుకున్నాడు. ముందు ఒక కుర్రాడు, పక్కన దీపాలు పట్టినవాళ్లు. ఇద్దరు సిపాయిలు టోపీలు తీసి, ఒక మోకాలు నేలకు ఆనించి ఉన్నారు. మేడ వసారాలో ఆడవాళ్లు నల్ల ముసుగులతో మోకరించారు. అమ్మినాయన "లండన్‌లో రోమన్ కాథలిక్ పండుగ, 1850 నాటిది" అన్నాడు. ఆ మాట చెప్పే ధర కూడా పెంచాడు. నిజమేనంటారా?

పాతపేపర్ల_పంతులు:
లక్ష్మి గారూ, ధర సంగతి తర్వాత చూద్దాం. లండన్ మాత్రం కాదు.

1829లో కథోలికులకు పార్లమెంటు తలుపులు తెరిచిన చట్టమే కుడిచేత్తో ఇచ్చి ఎడమచేత్తో లాక్కుంది. గుడిలోనో, ఎవరింట్లోనో తప్ప బయట పూజాక్రతువు జరిపినా, మఠం దుస్తుల్లో తిరిగినా గురువుకు 50 పౌండ్ల జరిమానా. అప్పట్లో 50 పౌండ్లంటే చాలామంది కూలీలకు ఏడాది సంపాదనను మించిన మొత్తం. 1852 జూన్‌లో ఊరేగింపులు కుదరవని రాణి పేరిట ఇంకో ప్రకటన వచ్చింది. ఈ నిషేధాలన్నీ చట్టంలోంచి పోయింది 1926లో.

1908లో లండన్‌లో అంతర్జాతీయ సత్ప్రసాద మహాసభ జరిగినప్పుడు సంగతి చూడండి. సత్ప్రసాదాన్ని, అంటే క్రీస్తు శరీరంగా కథోలికులు కొలిచే అప్పాన్ని, వీధిలోకి తేవద్దని ప్రధాని ఆస్క్విత్ ప్రభుత్వం పట్టుబట్టింది. చివరికి పోపు ప్రతినిధిగా వచ్చిన కార్డినల్ వన్నుతెల్లి వెస్ట్‌మినిస్టర్ కథీడ్రల్ పైనుంచి జనానికి దీవెన ఇచ్చి సరిపెట్టారు. 1908లో సాగనిది 1850లో ఎలా సాగుతుంది? పైగా 1850 ఎలాంటి ఏడాది! ఆ సెప్టెంబరు 29న పోపు తొమ్మిదో పయస్ ఇంగ్లండ్‌లో మళ్లీ మేత్రాసనాలు (పీఠాధిపతుల పాలనా ప్రాంతాలు) ఏర్పాటు చేశారు, అక్కడి కథోలికుల పెద్ద వైజ్‌మన్ కార్డినల్ అయ్యారు. నవంబరు 5 రాత్రి ఏటా కాల్చే పాత కుట్రదారు గై ఫాక్స్ దిష్టిబొమ్మ బదులు పోపు బొమ్మనీ, వైజ్‌మన్ బొమ్మనీ తగలబెట్టారు. అలాంటి వీధిలో సిపాయి మోకరిల్లడమా?

నేను పాటించే లెక్క ఒకటే. పాత ఇంగ్లీషు పత్రికలో కథోలిక క్రతువు గోడల మధ్య కనిపిస్తే ఇంగ్లండ్ కావచ్చు: కొత్త గుడి ప్రతిష్ఠ, మేత్రాణుల (పీఠాధిపతుల) అభిషేకం, పెద్దల అంత్యక్రియలు. ఆకాశం కనిపిస్తే పరదేశమే.

గుణదల_కుర్రాడు:
పంతులుగారు చెప్పాక ఇక లండన్ మాట లేదు. బొమ్మలో వస్తువుల గురించి నాకు తెలిసింది చెప్తా. భుజాల మీది ఆ వస్త్రంతో చేతులు కప్పుకున్నారంటే ఆయన మోస్తున్నది సత్ప్రసాదమే. ఉత్త చేతుల్తో ఆ పాత్ర పట్టుకోరన్నమాట. మా దగ్గర ఇప్పటికీ ఆరాధన ఆశీర్వాదానికి అలాగే కప్పుకుంటారు. పందిరి కూడా అందుకే. సత్ప్రసాద ప్రదక్షిణ అయి ఉంటుంది, త్రిత్వ ఆదివారం తర్వాత వచ్చే గురువారం చేసే పండుగ.

లోపలి బొమ్మలకి ఇంకో చిట్కా. మా తాతగారు ఉపదేశి. ఆయన చిన్నప్పుడు పూజంతా లాటిన్‌లోనే, గురువు పీఠం (పూజ జరిపే బల్ల) వైపు తిరిగే చేసేవారు. ఆయన చెప్పిన గుర్తులన్నీ ఈ పాత బొమ్మల్లో దొరుకుతాయి. గురువు అప్పాన్ని పైకెత్తేటప్పుడు వెనక పీఠబాలకుడు పూజవస్త్రం అంచుని కొంచెం ఎత్తి పడతాడు, ఇంకో చేత్తో గంట. ఆ సమయానికి పూజ పుస్తకం పీఠానికి ఎడమవైపు, అంటే సువిశేషం చదివే వైపు ఉండాలి. పెద్ద పీఠం మీద ఆరు కొవ్వొత్తులు ఉంటాయి. ఏడోది కనిపించిందా, ఆ మేత్రాసనం పీఠాధిపతే స్వయంగా పూజ చేస్తున్నాడని అర్థం. విక్టోరియన్ పుస్తకంలో ఎక్కడ పీఠం కనిపించినా నేను ముందు కొవ్వొత్తులే లెక్కపెడతా.

సందేహాలరావు:
కొవ్వొత్తులు లెక్కపెట్టండి తమ్ముడూ, పెట్టండి. గీసినవాడు అసలు గుడిలో అడుగుపెట్టాడా అన్నది మాత్రం ఎవరూ అడగట్లేదు. సచిత్ర వార్తాపత్రికలకు ఆద్యమని చెప్పుకునే ఇల్లస్ట్రేటెడ్ లండన్ న్యూస్ 1842 మే 14న మొదలైంది. మొదటి సంచికలో 32 బొమ్మలు, ధర ఆరు పెన్నీలు. మొదటి పేజీలోనే హాంబర్గ్ నగరం తగలబడుతున్న బొమ్మ. చూసి గీసిందా? బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న పాత హాంబర్గ్ బొమ్మ తెచ్చి, దాని మీద మంటలూ పొగా జనమూ అంటించారు! పుట్టిన రోజునే అలా చేసిన పత్రిక సెవిల్‌లో పండుగనీ రోమ్‌లో పూజనీ నిజాయతీగా వేసిందంటే నాకు నమ్మకం కుదరదు. లక్ష్మి గారి బొమ్మ కూడా లండన్ పత్రికల వీధి ఫ్లీట్ స్ట్రీట్‌లో బల్ల ముందు కూర్చుని అల్లిందే కావచ్చు.

అచ్చుయంత్రం:
రావుగారి అనుమానం కొట్టిపారేసేది కాదు గానీ, 1842ని పట్టుకుని 1870ని తూచకూడదు. తర్వాత్తర్వాత ప్రతి పెద్ద పత్రికా సొంత చిత్రకారుల్ని ఊళ్లకు పంపింది. చేతివాటం ఎక్కడెక్కడ జరుగుతుందో పని తీరు తెలిస్తే పట్టుకోవచ్చు.

బొమ్మ చెక్కేది బాక్స్ చెక్క మీద, కాండాన్ని అడ్డంగా కోసిన ముఖం మీద. ఆ చెట్టు లావు కాదు, ఒక్క ముక్కలో పెద్ద బొమ్మ రాదు. అందుకని చిన్న చిన్న ముక్కల్ని వెనకనుంచి మరమేకులతో బిగించి పెద్ద పలక చేసేవారు. దాని మీద బొమ్మ గీశాక మేకులు విప్పి ముక్కకొకరు చొప్పున రాత్రంతా చెక్కేవారు. ఆకాశం ఒకడిది, గుర్రాలు ఒకడివి, ముఖాలు చెయ్యి తిరిగినవాడివి. మళ్లీ బిగించినప్పుడు అతుకు సరిగా కూడకపోతే అచ్చులో సన్నటి తెల్లగీత పడుతుంది. లక్ష్మి గారూ, మీ బొమ్మని దీపం కింద పెట్టి చూడండి. పందిరి మీదుగానో వీధి మధ్యగానో తిన్నగా నిలువు గీత కనిపిస్తే అసలు పేజీయే. గీతలు కాకుండా చుక్కలు కనిపిస్తే మాత్రం 1880ల తర్వాతి పద్ధతి, లేదా ఈమధ్య తీసిన నకలు.

ఇంకోటి, కుడిఎడమలు. పలక మీద తిరగేసి గీస్తేనే కాగితం మీద సరిగ్గా పడుతుంది. తొందరలో తిరగేయడం మరిస్తే లోకమంతా అద్దంలో చూసినట్టు వస్తుంది. పూజ బొమ్మలో దీన్ని పట్టుకోవడం తేలిక. గురువు ముంజేతికి వేలాడే చిన్న పట్టీ, మానిపుల్ అంటారు, ఎడమచేతికే ఉండాలి. పీఠాధిపతి దండం ఎడమచేతిలో, దీవించేది కుడిచేత్తో. ఇవి తారుమారైతే చెక్కినవాడి పొరపాటు. అప్పుడు గుణదల తమ్ముడి "పుస్తకం ఎడమవైపు" లెక్క కూడా తిరగేసుకోవాలి. ఊరేగింపులో గురువు కోపు అనే పెద్ద దుప్పటిలాంటి వస్త్రం వేసుకుంటే మానిపుల్ ఉండదు, కాబట్టి ఈ బొమ్మలో సిపాయిల కత్తులు చూడండి. ఒర ఎడమ తుంటికి వేలాడాలి.

మాంచెస్టర్_మావయ్య:
పంతులుగారి "ఆకాశం" లెక్కకి మా ఊరు ఒప్పుకోదు. మాంచెస్టర్‌లో పెంతెకోస్తు వారంలో బడిపిల్లల నడకలు 19వ శతాబ్దమంతా సాగాయి. సోమవారం ప్రొటెస్టంట్లది, శుక్రవారం కథోలికులది. ఆడపిల్లలకి తెల్లగౌన్లు, పూలబుట్టలు, ముందు బ్యాండు మేళం, జెండాలు. ఎన్నో గుళ్లు, వేలమంది పిల్లలు. అదంతా ఆరుబయటే కదా?

అయితే అందులో సత్ప్రసాదం ఉండదు, పూజబట్టలుండవు. చట్టం కన్ను పడకుండా అది ఉత్త పిల్లల నడక. అలాగని గొడవ రాకుండా పోలేదు. ఇక్కడికి దగ్గర్లోనే స్టాక్‌పోర్ట్ ఉంది. రాణి ప్రకటన వచ్చిన పన్నెండు రోజులకి, 1852 జూన్ 27న, ఏటా చేసే కథోలిక పిల్లల నడక జరిగింది. రెండు రోజుల తర్వాత అల్లరిమూకలు కథోలిక గుళ్ల మీద పడి లోపలి సామానంతా ధ్వంసం చేశాయి, ఐరిష్ వాళ్ల ఇళ్లు పగలగొట్టాయి. ఇరుగుపొరుగు పిల్లలు జెండాలు పట్టుకు నడిస్తేనే ఇంత.

పాతపేపర్ల_పంతులు:
మావయ్యగారి సవరణ బాగుంది, తీసుకున్నాను. ఇకనుంచి "ఆకాశం కింద సత్ప్రసాదం" అంటాను. 1865 ఫిబ్రవరిలో కార్డినల్ వైజ్‌మన్ శవయాత్ర కూడా మూర్‌ఫీల్డ్స్ గుడి నుంచి కెన్సల్ గ్రీన్ శ్మశానం దాకా లండన్ వీధుల్లోనే సాగింది, జనం బారులు తీరి చూశారు. పదిహేనేళ్ల క్రితం ఆయన దిష్టిబొమ్మ కాల్చిన ఊరే. కానీ అక్కడా కనిపించేవి నల్లగుర్రాల బండ్లే, క్రతువంతా గుడి లోపలే.

సందేహాలరావు:
సరే, వార్తాపత్రికలు వదిలేద్దాం. పంచ్ సంగతేంటి? పోపు మీదా వైజ్‌మన్ మీదా వారంవారం విషం కక్కిన వ్యంగ్య పత్రిక. ఆ కాలం ఇంగ్లీషువాడి గీతంతా అంతే. ద్వేషంతో గీసిన బొమ్మల్ని మనం ఇక్కడ కూర్చుని "ఆహా ఆచారాలు" అని చదువుతున్నాం.

ఆబిడ్స్_ఆదివారం:
రావన్నా, పంచ్ అంత ఒక్క తీరుగ లేదే. దాని కథ జెర చెప్త, పొడుగైతది, ఏమనుకోవద్దు.

పంచ్ ముఖపత్రం గీసింది రిచర్డ్ డాయిల్. అంచుల పొంటి చిన్నచిన్న మనుషులు, దయ్యాలు, నడుమ పంచ్ అనే తోలుబొమ్మలాట బఫూన్, పక్కన కుక్క. 1849ల గీసిన ఆ బొమ్మనే 1956 దాక ప్రతి వారం అచ్చేసిన్రు. ఈ డాయిల్ కథోలికుడు. షెర్లాక్ హోమ్స్ రాసిన కానన్ డాయిల్‌కు సొంత పెదనాయన. 1843ల చేరిండు, మంచిగ నడుస్తున్నది. 1850 చివర్ల పోపు మీద బొమ్మలు మొదలైనయి. నా మతాన్ని గిట్ల తిట్టే పత్రికల నేనుండ అని కొలువు వదిలి పోయిండు. ఆయన స్థానంలకు వచ్చినాయన ఎవరో తెల్సా, జాన్ టెనియల్. తర్వాత ఆలిస్ కథకు బొమ్మలేసిన టెనియల్. డాయిల్ అలిగి పోకుంటే టెనియల్ పంచ్‌లకు వచ్చేటోడో లేదో. విచిత్రమేందంటే మనిషి పోయిండు గని ఆయన ముఖపత్రం పోలే. లోపల పోపును తిట్టే ప్రతి సంచికకు పైన ఆ కథోలికుడు గీసిన గడపనే.

ఇంకొకటి. క్లార్క్‌సన్ స్టాన్‌ఫీల్డ్ అని సముద్రం బొమ్మలకు పేరుమోసిన చిత్రకారుడు, డికెన్స్‌కు జిగిరీ దోస్తు. డికెన్స్ ఇటలీ యాత్ర మీద పుస్తకం రాసి, బొమ్మలు నువ్వే వెయ్యాలె అన్నడు. రోమ్‌ల పవిత్రవారం పూజల మీద, గురువుల మీద అందుల ఉన్న ఎగతాళి చూసి స్టాన్‌ఫీల్డ్ చెయ్యనన్నడు. ఆయన గూడ కథోలికుడే. 1846ల ఆ పుస్తకం శామ్యూల్ పామర్ బొమ్మలతోని వచ్చింది, అవి గూడ నాలుగే. దోస్తానా మాత్రం చెడలే.

అసలు మజా ఇక్కడున్నది. 1844 క్రిస్మస్‌కు వచ్చిన డికెన్స్ చైమ్స్ పుస్తకంల డాయిల్, స్టాన్‌ఫీల్డ్, జాన్ లీచ్, డేనియల్ మక్లీస్ నలుగురు కలిసి బొమ్మలేసిన్రు. ఆరేండ్లల్ల మొదటి ఇద్దరు మతం కోసం పని వదిలిన్రు. మూడో ఆయన, లీచ్, పంచ్‌లనే ఉన్నడు. 1851ల ఆయన గీసిన బొమ్మ అందరికి తెల్సిందే. ప్రధాని లార్డ్ జాన్ రస్సెల్‌ను అల్లరి పోరని లెక్క చూపెట్టిండు. "పోపు పెత్తనం వద్దు" అని సుద్దముక్కతోని తలుపు మీద రాసి ఉరుకుతున్నడు! ఎందుకంటే కథోలిక పీఠాధిపతులు ఇంగ్లండ్ ఊర్ల పేర్లు బిరుదులుగ పెట్టుకుంటే 100 పౌండ్ల జరిమానా అని చట్టం తెచ్చిండు గని దాన్ని ఎవరి మీద వాడలే. 1871ల ఎత్తేసిన్రు. అంటే పంచ్ పోపును కొట్టింది, పోపును తిట్టినోన్ని గూడ కొట్టింది.

గుణదల_కుర్రాడు:
అన్నా, డాయిల్ సంగతి నాకు అస్సలు తెలీదు. దండం పెట్టాలి.

వాదన కోసం బొమ్మ వాడుకున్నది ఒక్క పక్షమే కాదు లెండి. పుగిన్ అనే భవనశిల్పి 1835లో కథోలికుడై, ఆ మరుసటి ఏడే ఒక పుస్తకం తెచ్చాడు. దాని 1841 నాటి రెండో కూర్పులో ఒక బొమ్మ మధ్యయుగపు ఊరు, గోపురాలూ మఠాలూ. దానికి జోడుగా అదే ఊరు ఫ్యాక్టరీ పొగగొట్టాలతో, జైలుతో. తనే గీసి తనే చెక్కాడు. చూసినవాడికి ఇంక రాత అక్కర్లేదు. 1851 మహాప్రదర్శనలో మధ్యయుగ విభాగం అమర్చింది కూడా ఆయనే. పూజవస్త్రం మోచేతుల కిందికి నిండుగా జారాలని పుగిన్ పట్టు. రోమ్‌లో అప్పటి వాడుక చేతులు బయటికుండేలా పక్కలు కోసిన బిరుసు రకం. అందుకని విక్టోరియన్ ఇంగ్లండ్ గుడి లోపలి బొమ్మలో గురువు భుజాలు చూస్తే ఆ గుడి ఏ వర్గం చేతిలో ఉందో ఊహించొచ్చు.

లీడ్స్‌లో_లక్ష్మి:
ఇంత సమాధానం వస్తుందనుకోలేదు! భూతద్దంతో చూశాను. నిలువు తెల్లగీత ఉంది, పందిరి ముందు కర్రకి కాస్త కుడిగా, పైనుంచి కిందదాకా. చుక్కలు లేవు, అన్నీ గీతలే. సిపాయిల ఒరలు ఎడమవైపే. రావుగారి కోసం ఇంకో సంగతి: దగ్గరి సిపాయి బూటు అడుగున మేకులు కూడా చెక్కారు.

ఒక ప్రశ్న. ఆంగ్లికన్ (ఇంగ్లండ్ అధికారిక ప్రొటెస్టంట్ చర్చి) గుళ్లలో కూడా ధూపాలూ కొవ్వొత్తులూ చూశాను ఇక్కడ. బొమ్మలో వాళ్లనీ కథోలికుల్నీ ఎలా విడదీస్తారు?

పాతపేపర్ల_పంతులు:
శీర్షిక లేకపోతే చాలాసార్లు విడదీయలేం. 1860లు, 70ల్లో ఇంగ్లండ్‌ను ఊపేసిన గొడవే అది. ఆంగ్లికన్ గురువులే కొందరు పూజవస్త్రాలు, పీఠం మీద దీపాలు, ధూపం, ద్రాక్షారసంలో నీళ్లు కలపడం మొదలుపెట్టారు. 1874లో ఆరాధన నియంత్రణ చట్టం తెచ్చారు. లండన్ దగ్గరి హ్యాచమ్‌లో ఆర్థర్ టూత్ అనే గురువు కోర్టు మాట వినక 1877 జనవరిలో జైలుకు వెళ్లాడు. కొవ్వొత్తుల కోసం జైలు! కథోలిక గురువు అదే పూజ తన గుడిలో నిక్షేపంగా చేసుకోవచ్చు. పత్రికలకది పండుగే. కాబట్టి గుడి లోపలి బొమ్మలో ధూపం కనిపించగానే రోమన్ అనేయకండి.

రోమ్ బొమ్మల తేదీకి ఒక ఆనవాలు. పోపు గద్దె మీద ఊరేగుతూ, రెండు పక్కలా ఉష్ట్రపక్షి ఈకల పెద్ద విసనకర్రలు, మన ఉత్సవమూర్తికి వింజామరలు పట్టినట్టు, కనిపిస్తాయి. అది వీధిలోనో చౌకులోనో అయితే 1870 సెప్టెంబరు 20కి ముందుదే. ఆ రోజు ఇటలీ సైన్యం రోమ్‌లోకి వచ్చింది. 1929 దాకా ఏ పోపూ వాటికన్ దాటి బయటికి రాలేదు.

1869 డిసెంబరు 8న వాటికన్ మహాసభ మొదలైనప్పుడు లండన్ పత్రికలకు కొత్త పోటీ కూడా వచ్చింది. గ్రాఫిక్ పత్రిక తొలి సంచిక సరిగ్గా ఆ నెల 4న వెలువడింది. రోమ్‌లోని సెయింట్ పీటర్స్ గుడి ఉత్తర భాగంలో ఏడువందల మంది దాకా పీఠాధిపతులు మెట్లమెట్లుగా కూర్చున్న దృశ్యం చెక్కేవాళ్లకు నరకం. అన్ని కిరీటాలూ ఒకటే కదా! 1870 జూలై 18న పోపు తప్పిదరహితుడన్న తీర్మానం చదివే వేళకు ఉరుములు మెరుపులతో గాలివాన. చీకటి కమ్మి, పోపు చదవడానికి కొవ్వొత్తి తేవాల్సి వచ్చింది. ఇష్టమున్నవాళ్లు ఉరుముల మధ్య మోషేకు పది ఆజ్ఞలు దొరికిన సీనాయి కొండ అన్నారు, లేనివాళ్లు దేవుడి కోపం అన్నారు.

సందేహాలరావు:
బూటు మేకులు చూశాక కొంచెం మెత్తబడ్డాను, ఒప్పుకుంటా. ఇంకో మాట మాత్రం అంటా. ఐర్లండ్ ఎక్కడ? మీరంతా పట్టుబట్టల చుట్టూనే తిరుగుతున్నారు. 1847లో కరువులో స్కిబ్బరీన్ వెళ్లి కార్క్ చిత్రకారుడు జేమ్స్ మహోనీ గీసిన బొమ్మలు కూడా అదే ఇల్లస్ట్రేటెడ్ లండన్ న్యూస్‌లో వచ్చాయి. అవీ కథోలిక జనం బతుకే. గుడిసెలో శవాలు, చనిపోయిన బిడ్డని చేతుల్లో పెట్టుకుని పేటికకి డబ్బులడుక్కునే తల్లి. పందిరి లేదు, దీపం లేదు. అదే ఏడాది ఆగస్టులో డబ్లిన్‌లో ఐరిష్ కథోలికుల నాయకుడు డేనియల్ ఓకానెల్ అంత్యక్రియలు ఎంత వైభవంగా జరిగాయో తెలిసిందే. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడకుండా "చర్చి జీవితం" అంటే ఎలా?

మాంచెస్టర్_మావయ్య:
ఈసారి రావుగారికి నా ఓటు. ఆ కరువు తప్పించుకుని పడవెక్కినవాళ్లే లివర్‌పూల్, మాంచెస్టర్, స్టాక్‌పోర్ట్‌లలో దిగింది. గుళ్లు కట్టింది వాళ్ల పెన్నీలతోనే. పత్రికలవాళ్లు ప్రతిష్ఠ రోజున వచ్చి మేత్రాణుల కిరీటం గీసుకెళ్లారు గానీ పెన్నీలు పోగుచేసిన మనిషిని ఎంతమంది గీశారు?

గుణదల_కుర్రాడు:
లక్ష్మి గారూ, ఇందాకటి నుంచి ఒక అనుమానం పీకుతోంది. మీరు చెప్పినదాంట్లో పండుగ కళ లేదు. సత్ప్రసాద పండుగ రోజు వసారాలకి తివాచీలు, పట్టుగుడ్డలు వేలాడదీస్తారు, దారంతా ఆకులూ పూలూ చల్లుతారు, పిల్లలు బారులుగా ఉంటారు. మీ బొమ్మలో అవేవీ చెప్పలేదు. గురువు చేతిలో వస్తువు చుట్టూ సూర్యకిరణాల్లా ముళ్లున్నాయా? లేక గుడ్డ కప్పిన మూతగిన్నెలా ఉందా? ముందు కుర్రాడి చేతిలో ఏముంది?

లీడ్స్‌లో_లక్ష్మి:
మళ్లీ చూశా. కిరణాలు లేవు. గుండ్రంగా, పైన చిన్న శిలువ ఉన్న మూత, దాని మీద తెర. కుర్రాడి చేతిలో గంట. పక్కవాళ్లవి కొవ్వొత్తులు కావు, కర్రకు తగిలించిన లాంతర్లు. తివాచీలు, పూలు ఏమీ లేవు. వసారాలో ఒకావిడ పూర్తిగా పైకి రాలేదు, తలుపు దగ్గరే మోకరించింది, చేతిలో ఇంకా కుట్టుపని గుడ్డ ఉంది.

గుణదల_కుర్రాడు:
అయితే అది పండుగ కాదండీ. ఎవరో చావుబతుకుల్లో ఉన్నారు. గురువు వాళ్లింటికి చివరి సత్ప్రసాదం తీసుకెళ్తున్నారు. గంట ఎందుకంటే దారిలో ఉన్నవాళ్లు తెలుసుకుని మోకరించడానికి. అందుకే ఆ కుట్టుపనావిడ ఉన్నపళంగా వచ్చింది. స్పెయిన్‌లో సిపాయిలు కూడా ఆగి మోకరిల్లేవారు, బండిలో పోయేవాళ్లు దిగి గురువుకి బండి ఇచ్చేవారు. ఇంగ్లండ్ నుంచి వెళ్లిన చిత్రకారుడికి ఇది వింతగా తోచి ఉంటుంది. వాళ్ల ఊళ్లో అదే గురువు మామూలు కోటు వేసుకుని, సత్ప్రసాదం జేబులో దాచుకుని, ఎవరికీ తెలియకుండా రోగి ఇంటికి నడిచేవాడు.

మాంచెస్టర్_మావయ్య:
మాల్టా కూడా కావచ్చు కదా? అక్కడా ఆడవాళ్లకి నల్లముసుగు ఉంది.

లీడ్స్‌లో_లక్ష్మి:
ముసుగు జాలీది. తల వెనక ఎత్తయిన దువ్వెన మీద నిలబెట్టి ఉంది.

మాంచెస్టర్_మావయ్య:
అయితే స్పెయిన్ వైపే. మాల్టాది గొడుగులా ఉబ్బిన గుడ్డముసుగు, దువ్వెన ఉండదు.

అచ్చుయంత్రం:
తేదీ కావాలంటే ఫ్రేము విప్పండి. వారపత్రిక పేజీ అయితే వెనక కూడా అచ్చు ఉంటుంది. మడతపెట్టి ఇచ్చే పెద్ద అనుబంధం బొమ్మలకి ఖాళీ ఉండొచ్చు.

లీడ్స్‌లో_లక్ష్మి:
విప్పాను. వెనక రెండు కాలమ్స్ వార్తలు ఉన్నాయి, పత్రిక పేరు కోతలో పోయింది. డెన్మార్క్ యుద్ధం ఆపడానికి లండన్‌లో జరుగుతున్న సమావేశంలో ఇంకా ఏమీ తేలలేదని రాశారు. శీర్షిక నిజంగానే కత్తిరించేశారు.

పాతపేపర్ల_పంతులు:
ఆ సమావేశం 1864 ఏప్రిల్ 25న మొదలై జూన్ 25న ముగిసింది. మీ పేజీ ఆ రెండు నెలల్లోది. 1850 కాదు, లండన్ కాదు, పండుగా కాదు. అమ్మినాయన చెప్పిన నాలుగు ముక్కల్లో "రోమన్ కాథలిక్" ఒక్కటే మిగిలింది.

సందేహాలరావు:
1864లో సత్ప్రసాద పండుగ మే 26న వచ్చింది. అదీ ఆ రెండు నెలల్లోనే. ఊరికే చెప్తున్నా.

గుణదల_కుర్రాడు:
రావుగారూ, మూతగిన్నె చూశాక కూడానా!

అచ్చుయంత్రం:
లక్ష్మి గారూ, విప్పారు కాబట్టి ఆ పాత అట్ట మళ్లీ పెట్టకండి. చెక్కగుజ్జు అట్టలోని ఆమ్లం కాగితాన్ని గోధుమరంగు చేసి పెళుసెక్కిస్తుంది. ఆమ్లం లేని అట్ట అని అడిగి తీసుకోండి. జిగురు టేపు దగ్గరికి రానివ్వద్దు, ఎండ పడే గోడ వద్దు.

ఆబిడ్స్_ఆదివారం:
మధ్యల నాదొక సవాలు. మొన్న ఆదివారం ఫుట్‌పాత్ మీద పంచ్ బైండు పుస్తకాలు రెండు చూసిన. 19, 20 సంపుటాలు. తోలు అట్ట ఊడింది, లోపల మంచిగనే ఉన్నది. విడిగ ఇయ్యడంట, రెండు కలిపే అమ్ముతడంట. డాయిల్ ముఖపత్రాలు అందుల ఉంటయా?

పాతపేపర్ల_పంతులు:
వారంవారం వచ్చే పైకవర్లు బైండు చేసేటప్పుడు చాలామంది తీసి పారేసేవారు, వాటి మీద ఆశ పెట్టుకోకండి. కానీ 19వ సంపుటం 1850 జూలై నుంచి డిసెంబరు, 20వది 1851 జనవరి నుంచి జూన్. డాయిల్ వెళ్లిపోవడం మొదటిదాంట్లో, లీచ్ గీసిన సుద్దముక్క బొమ్మ రెండోదాంట్లో. పేజీలు చింపి అమ్మేవాళ్ల చేతికి పోకముందే రెండూ తీసేసుకోండి. మీకు బరువైతే నాకు కబురు పెట్టండి, రాజమండ్రి నుంచి బండి కట్టుకొస్తా.